రేపు మళ్ళీ తీసే బొమ్మలు

పిల్లలారా,

దసరా దగ్గరికొచ్చింది. హనుమకొండలో మా ఇంట్లో దులుపుడు మొదలైంది. అటక మీది సామానంతా వాకిట్లోకి దిగింది, దాంతోపాటు మా మనవరాలి బొమ్మల గంప కూడా. గంప బోర్లిస్తే చక్రాల్లేని జీపు, క్యారమ్ బిళ్ళలు, లక్కపిడతలు, నిర్మల్ పిట్టలు అన్నీ కలిసి ఒక్కటే కుప్ప. "సర్దుకో బిడ్డా" అన్నాను. "రేపు మళ్ళ తీస్త గద తాతా, ఎందుకు సర్దాలె?" అంది.

మీలో చాలామందికి ఇదే అనుమానం ఉంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. అసలు తీయనే తీయని సామానుకు సర్దుడెందుకు? ఓ మూలకు నెట్టేస్తే సరిపోతుంది. రోజూ తీసే వాటికే ఒక చోటు కావాలి.

మా బాపుకు పరకాలలో చిన్న కిరాణా దుకాణం ఉండేది. బడి వదలగానే నేను అక్కడే కూర్చునేవాణ్ణి. బియ్యం, కందిపప్పు, పల్లీల సంచులు వరుసగా నిలబెట్టి ఉండేవి. సరుకు తగ్గుతున్నకొద్దీ బాపు సంచి మూతిని బయటికి మడుస్తూ పోయేవాడు. నిండు సంచి నా ఛాతీ దాకా వస్తే, అడుగంటినది మోకాలి కిందికి దిగేది. ఎంత తగ్గినా గింజలు మాత్రం పైకే కనిపించేవి. కంటికి కనబడని సరుకును ఎవరూ అడగరనేవాడు.

మీ బొమ్మల సంగతీ అంతే. లోతు గంపలో అడుగున పడ్డదాన్ని మరిచేపోతారు. గుర్తొచ్చినా గంపంతా బోర్లించాలి, బోర్లించాక ఎత్తబుద్ధి కాదు. అందుకని చెప్పుల డబ్బాలు, మిఠాయి డబ్బాలు, ఇట్లా లోతు లేనివి తీసుకోండి. కార్లకొకటి, వంటసామానుకొకటి. మీ చేతికందే కింది అరలో పెట్టుకోండి. ఇంకా చదువు రాని తమ్ముడుంటే డబ్బా మీద కారు బొమ్మ గీసి అంటించండి, వాడే తెచ్చి వేస్తాడు. ఇక్కడ మీ అమ్మానాన్నలకూ ఒక మాట చెప్పాలి: ఏ డబ్బా ఎక్కడుండాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. తాము చూపించిన చోటు వాళ్ళకు బాగా గుర్తుంటుంది.

ఉన్న సరుకంతా బాపు ముందు పేర్చేవాడు కాదు. పటాకులు దీపావళికి, పతంగులు సంక్రాంతికి అటక దిగేవి. మీరూ సగం బొమ్మలు సంచిలో కట్టి పైన పెట్టించండి. మూడు నాలుగు వారాలయ్యాక వాటిని దింపి, వీటిని ఎక్కించండి. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం వాళ్ళు రెండేళ్ళకు అటూ ఇటూ ఉన్న పిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఒకసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ తీర్ల ఆడారని 2018లో ప్రకటించారు. మొహం మొత్తి పక్కన పడేసిన బొమ్మే అటక దిగేసరికి కొత్తదైపోతుంది! బొమ్మ అదే, రంగు అదే. ఒకసారి చేసి చూడండి, మీకే వింతగా ఉంటుంది.

బాపు దుకాణంలో గ్యాసునూనె (కిరోసిన్) డబ్బా ఒక్కటి మాత్రం వెనక గదిలో తాళం వేసి ఉండేది. మీ ఇంట్లో పాకే చెల్లి ఉంటే మీరూ అట్లా దాచాల్సినవి కొన్నున్నాయి. గోటీలు, పూసలు, చిన్న అయస్కాంతాలు మూత బిగిసే డబ్బాలో వేసి పై అరలో పెట్టించండి. పాడే బొమ్మల్లో, చిన్న రిమోట్లలో పైసా బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది. దాన్ని మింగితే 2 గంటల్లోనే ఆహారనాళం లోపల కాలిపోవచ్చు. మింగిందేమోనని అనుమానం వచ్చినా వెంటనే పెద్దవాళ్ళను కేకేయండి, దవాఖానకు తీసుకుపోవాలి. ఈ ఒక్క విషయంలో "తర్వాత చూద్దాం" అనొద్దు.

ప్లాస్టిక్ బొమ్మల్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టుకోండి. నిర్మల్ పిట్టల్ని మాత్రం తడపకండి. తేలికైన పొనికి చెక్కతో చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, పైన రంగులేస్తారు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. చింతగింజలంటే నాకు అష్టాచెమ్మా యాదికొస్తది. గవ్వలు లేకపోతే చింతగింజల్ని అరుగు బండ మీద ఒక పక్క తెల్లగా అయ్యేదాకా అరగదీసేవాళ్ళం. రుద్దుతుంటే గింజ వేడెక్కి చురుక్కుమనేది. ఆ వేడి గింజను పక్కవాడి మోచేతికి అంటించి ఉరకడం అష్టాచెమ్మా కన్నా పెద్ద ఆట!

దుకాణం మూసేముందు తూకపు రాళ్ళు పేర్చే పని నాది. ఆరు మూలల ఇనుప రాళ్ళు. 2 కిలోలది మొదట, తర్వాత కిలో, 500, 200, 100, చివరికి 50 గ్రాములది. ఆ చిన్నది కనపడకపోతే బాపు తలుపులు వేయనిచ్చేవాడు కాదు. రేప్పొద్దున ఎవరో ముసలమ్మ 50 గ్రాముల చాయపత్తాకు వస్తే ఏం పెట్టి తూస్తామనేవాడు. మీరూ పజిల్ ముక్కల్ని, క్యారమ్ బిళ్ళల్ని లెక్కపెట్టి డబ్బాలో వేయండి. తప్పిపోయిన ముక్క రాత్రి మంచం కిందే దొరుకుతుంది. తెల్లారి ఊడ్చాక దొరకదు.

మీకు చిన్నవైపోయిన బొమ్మలుంటే దసరాకు అంగన్‌వాడీ పిల్లలకిచ్చి రండి. చక్రం ఊడిన జీపు ఇవ్వొద్దు. మీకింకా కొంచెం ఇష్టం మిగిలి ఉన్నదే ఇవ్వండి.

ఇక సాయంత్రం అమ్మ పసుపుకో ఉప్పుకో పంపితే, కొనగానే ఉరికి రాకండి. కాసేపు పక్కకు నిలబడి చూడండి. దుకాణదారు కూర్చున్న చోటి నుంచి లేవకుండా వేటిని అందుకుంటున్నాడు, వేటికి స్టూలెక్కుతున్నాడు, చాక్లెట్ల సీసాలు ఎవరి కళ్ళకు ఎదురుగా పెట్టాడు? గిరాకీ లేనప్పుడు అడగండి, చెప్తాడు. ఆయన ఏమన్నాడో నాకు రాయండి.

మీ తాత,
హనుమకొండ