దగ్గు తగ్గింది, దెబ్బ తగ్గలేదు

నల్లగొండ గాలి సంగతి ఢిల్లీ దాకా పోయిందంటే అది దుమ్ము పుణ్యమే. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరులతో పాటు మన పేరూ ఉంది, కారణం పరిమితికి మించిన ధూళి. దుమ్మయితే కళ్లకు కనిపిస్తుంది, బట్టల మీద పేరుకుంటుంది, తిట్టుకోవడానికైనా వీలుంటుంది. ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే ఓజోన్ వాయువుతో ఆ సౌకర్యం లేదు. ఆకాశం నీలంగా, శుభ్రంగా కనిపిస్తూ ఎండ నిప్పులు చెరిగే మధ్యాహ్నమే దానికి అనువైన టైం.

పైన 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే ఓజోన్ మనకు మేలే చేస్తుంది, బడిలో చదివింది దాని గురించే. నేల దగ్గర ఉండేదీ అదే అణువు, కాకపోతే దీన్ని మనం పీలుస్తాం. ఇది ఏ పొగ గొట్టం నుంచీ నేరుగా రాదు. లారీలు, థర్మల్ ప్లాంట్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు ఒకటి; పెట్రోలు, పెయింట్లు, రసాయన ఫ్యాక్టరీలు, పొలంలో కాల్చిన కొయ్యకాళ్ల నుంచి లేచే సేంద్రియ ఆవిర్లు రెండోది; ఈ రెండూ ఎండలో కలిస్తే పుడుతుంది. 1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్ పొగ గుట్టు విప్పిన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్ చెప్పింది ఇదే. ఇందులో ఇంకో తిరకాసు ఉంది: ట్రాఫిక్ మధ్యలో బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను అక్కడికక్కడే తినేస్తుంది, అందుకే చాలాసార్లు నగరం నడిబొడ్డు కంటే గాలివాటున ఉన్న ఊళ్లలోనే అది ఎక్కువగా తేలుతుంది. చౌటుప్పల్ దాటితే గాలి మంచిదని లెక్కేసుకునేవాళ్లు కొంచెం ఆగాలి.

సరే, పీల్చాం. కొంత ముక్కులోనే ఆగిపోతుంది. ఓజోన్ నీళ్లలో అంతగా కరగదు కాబట్టి మిగతాది సన్న గొట్టాల చివరిదాకా పోతుంది. ఈ వాయునాళాల లోపలి గోడంతా జీవకణాల వరుస. వాటిలో చాలావాటి మీద ఒక్కోదానికి దాదాపు 200 నూగు వెంట్రుకలుంటాయి, అవి సెకనుకు పదిసార్ల దాకా కొట్టుకుంటూ, దుమ్మూ క్రిములూ అంటుకున్న కఫాన్ని గొంతు వైపు తోస్తుంటాయి. పొద్దున లేచి కాండ్రించి ఉమ్మేది వాటి రాత్రి డ్యూటీ ఫలితమే. ఆ కణాల మీద పలచటి ద్రవపొర, అందులో విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, గ్లూటాథయోన్ ఉండి వచ్చిన ఓజోన్‌ను వచ్చినట్టే ఖర్చు చేస్తాయి. అవి సరిపోనప్పుడు ఓజోన్ అక్కడి కొవ్వుల్ని పట్టుకుని వాటి జంట బంధాల్ని తెంపుతుంది, దాంతో ఆల్డిహైడ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. అసలు ఓజోన్ అణువు కణం లోపలికి చేరడమే అరుదు. పెంకుటింటి మీద రాయి పడితే కింద కూర్చున్నవాడి నెత్తికి తగిలేది పెంకు ముక్కే కదా, ఇక్కడా అంతే.

దెబ్బతిన్న కణాలు ఊరుకోవు. ఐఎల్-6, ఐఎల్-8 లాంటి రసాయన సంకేతాలు పంపుతాయి, గంటల్లో తెల్ల రక్తకణాలు వచ్చి చేరి వాపు మొదలవుతుంది. కణానికీ కణానికీ మధ్య ఉండే గట్టి అతుకులు వదులై, లోపలికి పోకూడనివి పోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకి పుప్పొడో దుమ్మో మామూలుకంటే గట్టిగా పడకపోవడానికి ఇదొక కారణం. నూగు కణాలు కొన్ని చచ్చిపోతాయి, వాటి స్థానంలో కొత్తవి రావడానికి రోజులు పడుతుంది. ఇదంతా జరుగుతుండగా గోడలోని నరాల కొసలు చురుక్కుమని, గట్టిగా ఊపిరి తీసుకోబోతే ఛాతీలో పట్టేసినట్టుంటుంది, దగ్గొస్తుంది.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఆ తర్వాతి సంగతి. వాలంటీర్లకు వరుసగా రోజూ ఓజోన్ పీల్పించి చూస్తే, మొదటి రెండు రోజులు ఉన్న దగ్గు, ఊపిరి పట్టేయడం నాలుగో రోజుకో ఐదో రోజుకో చాలావరకు పోయాయి. ఊపిరితిత్తుల్ని కడిగి తీసిన ద్రవంలో మాత్రం కణాలు దెబ్బతింటున్న గుర్తులు అలాగే ఉన్నాయి. ఎండాకాలంలో మనవాళ్లు "అలవాటైపోయింది" అంటారే, అలవాటైంది నరాలకి.

మన దేశంలో ఓజోన్ పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, గంటకైతే 180. అమెరికాలో చేసిన ప్రయోగాల్లో 160 మైక్రోగ్రాముల దగ్గర ఆరు గంటలకు పైగా, మధ్యమధ్యలో విశ్రాంతితో వ్యాయామం చేసిన ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకే ఊపిరి సామర్థ్యం తగ్గింది, వాపూ కనిపించింది. బరువు పని చేస్తే లోపలికి పోయే గాలి, కూర్చున్నప్పటి కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. మూతికి కట్టిన తువ్వాల గానీ, ఎన్95 మాస్కు గానీ ధూళిని ఆపుతాయేమో కానీ ఈ వాయువుని ఆపవు. మిగిలింది టైం ఒక్కటే: పొద్దున ఓజోన్ తక్కువ, నడి మధ్యాహ్నం నుంచి నాలుగింటి దాకా ఎక్కువ. ఉపాధి హామీ పనిని వడదెబ్బ భయంతో ఎండ ముదరకముందే ముగిస్తున్నారు, అది దీనికీ పనికొస్తుంది. యాసంగి వడ్లు ఆరబోసే కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో బస్తాలెత్తే హమాలీలకి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అక్కడ పని టైం నిర్ణయించేది లారీ.