ఘర్షణ బలానికి రెడీమేడ్ జవాబు లేదు

పది కిలోల దిమ్మె ఒకటి గరుకు నేల మీద కదలకుండా ఉంది. నేలకీ దిమ్మెకీ మధ్య స్థైతిక (కదలకుండా ఉన్నప్పటి) ఘర్షణ గుణకం 0.4, జారేటప్పటి గుణకం 0.3. దాన్ని 30 న్యూటన్ల బలంతో అడ్డంగా నెట్టారు. ఘర్షణ బలం ఎంత?

బలాల లెక్కలు ఎంత బాగా అర్థమయ్యాయో చెప్పడానికి ఈ చిన్న ప్రశ్న చాలు. ప్రశ్న చదవగానే చాలామందికి తట్టేది ‘మ్యూ ఎన్’, అంటే ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో (నేల వస్తువుని పైకి నెట్టే బలంతో) గుణించడం. ఇక్కడ ఆ అభిలంబ బలం దిమ్మె బరువుకి సమానం. బరువు 10 × 9.8 = 98 న్యూటన్లు, 0.4తో గుణిస్తే 39.2, లెక్క అయిపోయింది. కానీ ఆ జవాబుని ఒక్క నిమిషం నమ్మి చూడండి. ముందుకి 30 న్యూటన్లు, వెనక్కి 39.2 న్యూటన్లు. అలాగైతే ముందుకి నెట్టిన దిమ్మె వెనక్కి జరుగుతూ మన మీదకి రావాలి. అలా ఎక్కడా జరగదు.

సరైన జవాబు 30 న్యూటన్లు. దిమ్మె కదలనంతసేపూ ఘర్షణ నెట్టే బలానికి సరిసమానంగా ఉంటుంది. 10తో నెడితే ఘర్షణ 10, 25తో నెడితే 25, అసలు ఎవరూ నెట్టకపోతే సున్నా. 39.2 అనేది ఆ నేల ఇవ్వగలిగిన గరిష్ఠ ఘర్షణ. దాన్నే సీమాంత ఘర్షణ అంటాం. 50తో నెడితే ఆ హద్దు దాటుతుంది, దిమ్మె కదులుతుంది. కదిలాక ఘర్షణ 0.3 గుణకం లెక్కన 29.4 న్యూటన్లకి దిగుతుంది. మిగిలిన 20.6 న్యూటన్లు పది కిలోలకి 2.06 మీ/సె² త్వరణాన్ని ఇస్తాయి.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒక్క దిమ్మె సంగతి మాత్రమే కాదు. పాఠ్యపుస్తకాల్లో బలాలన్నీ ఒకే రకంగా, బాణం గుర్తులతో, పక్కపక్కనే కనిపిస్తాయి. నిజానికి అవి రెండు రకాలు. బరువు మొదటి రకం. ద్రవ్యరాశి తెలిస్తే చాలు, వస్తువు ఆగి ఉన్నా, కదులుతున్నా, గాలిలో పడుతున్నా దాని విలువ ముందే చెప్పేయొచ్చు. అభిలంబ బలం, తాడులో తన్యత (బిగిసిన తాడు లాగే బలం), స్థైతిక ఘర్షణ రెండో రకం. వీటిని ముందుగా చెప్పే సూత్రం లేదు. మిగతా బలాలు ఏమిటి, వస్తువు ఎలా కదులుతోంది అన్నవి తేలాకే వీటి విలువ బయటపడుతుంది. నేల ఎంత పైకి నెట్టాలో వస్తువు నేలని ఎంత నొక్కుతోందో దాన్ని బట్టే ఉంటుంది. ఈ తేడా మనసుకి పట్టాక లెక్కల్లో సగం టెన్షన్ పోతుందని నా గట్టి నమ్మకం.

అభిలంబ బలం విషయంలో జరిగే పొరపాటు కూడా ఇలాంటిదే. చాలామందికి అది ఎప్పుడూ బరువుకి సమానం. సమతలం మీద ఊరికే పెట్టిన వస్తువుకి అది నిజమే. లిఫ్టులో 60 కిలోల మనిషి నిలబడితే, లిఫ్టు ఆగి ఉన్నప్పుడు కాళ్ల కింది నేల అతన్ని 588 న్యూటన్లతో పైకి నెడుతుంది. లిఫ్టు 2 మీ/సె² త్వరణంతో పైకి బయల్దేరితే అది 708 అవుతుంది, అదే త్వరణంతో కిందికి బయల్దేరితే 468కి తగ్గుతుంది. మనిషి బరువు మాత్రం మారలేదు. లిఫ్టు ఒకే వేగంతో పైకి పోతున్నప్పుడు మళ్లీ 588 న్యూటన్లే. ఇక్కడ లెక్కలోకి వచ్చేది త్వరణం, వేగం కాదు అన్నది గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు అభిలంబ బలాన్నీ ఘర్షణనీ కలిపి చూద్దాం. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. అదే పది కిలోల దిమ్మె, అదే నేల. 50 న్యూటన్ల బలాన్ని నేలకి 30 డిగ్రీల కోణంలో వాడదాం. ఒకసారి వెనక నుంచి ఏటవాలుగా కిందికి నెడదాం, ఇంకోసారి ముందు నుంచి తాడు కట్టి ఏటవాలుగా పైకి లాగుదాం. రెండు సార్లూ అడ్డంగా పనిచేసే భాగం 43.3 న్యూటన్లే, నిలువుగా పనిచేసేది 25 న్యూటన్లే. నెట్టినప్పుడు ఆ 25 బరువుతో కలిసి నేలని నొక్కుతుంది. అభిలంబ బలం 123కి పెరుగుతుంది, దాంతో సీమాంత ఘర్షణ 49.2 అవుతుంది. మన 43.3 దానికి చాలదు, దిమ్మె ఉన్నచోటే ఉంటుంది. లాగినప్పుడు అదే 25 న్యూటన్లు నేల మీద భారాన్ని తగ్గిస్తాయి. అభిలంబ బలం 73, సీమాంత ఘర్షణ 29.2. దిమ్మె కదులుతుంది, కదిలాక ఘర్షణ 0.3 గుణకం లెక్కన 21.9కి దిగుతుంది కాబట్టి 2.14 మీ/సె² త్వరణంతో ముందుకొస్తుంది. ఒకే బలం, ఒకే కోణం, ఒకచోట కదలికే లేదు, రెండోచోట మంచి త్వరణం.

ఇంకో అడుగు వేద్దాం. నెట్టే కోణాన్ని 30 నుంచి క్రమంగా పెంచుతూ పోతే, సుమారు 68 డిగ్రీలు దాటాక ఎంత బలం పెట్టినా ఆ దిమ్మె కదలదు. వెయ్యి న్యూటన్లు పెట్టినా, లక్ష పెట్టినా అంతే. బలం పెరిగిన కొద్దీ అడ్డం భాగం పెరుగుతుంది, కానీ దానికంటే వేగంగా సీమాంత ఘర్షణ పెరిగిపోతుంది. ఆ కోణం దిమ్మె బరువు మీద ఆధారపడదు, గుణకం మీదే ఆధారపడుతుంది. కాగితం మీద రెండు వరుసల్లో తేలిపోయే ఈ ఫలితాన్ని స్వయంగా రాబట్టి చూడండి. సూత్రంలో అంకెలు వేసి గుణించడంలో ఈ ఆనందం దొరకదు.

ఇలాంటి లెక్కలు చేయాలంటే ముందు బొమ్మ గీయాలి. స్వేచ్ఛా వస్తు పటం అని టీచర్లు పదేపదే చెప్పేది ఇదే. వస్తువుని మిగతా ప్రపంచం నుంచి విడదీసి, దాని మీద పనిచేసే బలాలని మాత్రమే గీయాలి. గీసిన ప్రతి బాణానికీ ‘ఈ బలాన్ని ఇస్తున్నది ఎవరు?’ అని అడగాలి. భూమి, నేల, తాడు, చెయ్యి, ఇలా ఒక పేరు చెప్పగలగాలి. పేరు దొరకకపోతే ఆ బాణం కొట్టేయాల్సిందే. పైకి విసిరిన బంతి చేతిని వదిలి ఇంకా పైకి పోతోంది. గాలి నిరోధం వదిలేస్తే దాని మీద ఉన్న బలాలు ఏవి? బరువొక్కటే. కానీ చాలామంది పైకి ఇంకో బాణం గీసి ‘చెయ్యి ఇచ్చిన బలం’ అంటారు. బంతిని ఇప్పుడు చెయ్యి తాకడం లేదు కదా. బంతిలో మిగిలింది వేగం, బలం కాదు. కదలిక కొనసాగాలంటే బలం కొనసాగాలి అన్న అరిస్టాటిల్ కాలం నాటి భావన మనలో అంత లోతుగా ఉంది. 1687లో న్యూటన్ మూడు గమన నియమాలు ప్రకటించి మూడు వందల ఏళ్లు దాటినా, ప్రతి విద్యార్థీ ఆ భావనతో సొంతంగా పోరాడాల్సే వస్తోంది.

1992లో అమెరికాలో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు ఈ విషయాన్ని పరీక్షించడానికి లెక్కలే లేని ఒక ప్రశ్నపత్రాన్ని ప్రచురించారు. అన్నీ మామూలు మాటల్లో అడిగిన బహుళైచ్ఛిక ప్రశ్నలు. పరీక్షల్లో లెక్కలు బాగా చేయగలిగిన వాళ్లలో కూడా చాలామంది ఇందులో పాత నమ్మకాల వైపే టిక్కు పెట్టారు. లెక్క చేయగలగడం, విషయం తెలిసి ఉండడం వేర్వేరు అని అది స్పష్టంగా చూపించింది.

ప్రతి చర్యకీ సమానమైన ప్రతిచర్య ఉంటుందనే మూడో నియమం దగ్గర కూడా ‘ఎవరు ఎవరి మీద’ అన్న ప్రశ్నే కాపాడుతుంది. బల్ల మీద పుస్తకం ఉంది. పుస్తకం బరువూ, బల్ల ఇచ్చే అభిలంబ బలమూ చర్య, ప్రతిచర్య జంట అని రాసేవాళ్లు ఎక్కువ. ఆ రెండూ ఒకే పుస్తకం మీద పనిచేస్తున్నాయి కాబట్టి జంట కాలేవు. భూమి పుస్తకాన్ని లాగుతుంటే, దానికి జంట పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని నెడుతుంటే, దానికి జంట పుస్తకం బల్లని నెట్టడం.

ఘర్షణ గుణకం గురించి ఒక మాట చెప్పాలి. న్యూటన్ నియమాలూ, ఘర్షణ నియమాలూ ఒకే పాఠంలో రావడంతో రెండిటికీ ఒకే స్థాయి ఉందనిపిస్తుంది. లేదు. ఘర్షణ నియమాలు ప్రయోగాల్లో గమనించిన ఉజ్జాయింపులు. 1699లో ఫ్రాన్సులో గీయోమ్ అమోంటోన్ ఘర్షణ భారానికి అనులోమంగా ఉంటుందనీ, తాకే వైశాల్యం మీద ఆధారపడదనీ చూపించాడు. లియొనార్డో డావించీ నోటు పుస్తకాల్లో అంతకు రెండు శతాబ్దాల ముందే ఈ గమనికలు ఉన్నాయి, కానీ అవి అప్పట్లో అచ్చు కాలేదు. 1785లో కూలుంబ్ ఇంకా విస్తృతంగా కొలతలు తీసుకున్నాడు. వైశాల్యంతో సంబంధం ఎందుకు లేదన్నది చాలా కాలం వింతగానే ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని విప్పారు. నున్నగా కనిపించే తలాలు కూడా నిజంగా తాకేది అక్కడక్కడా ఉన్న సూక్ష్మమైన గుబ్బల దగ్గరే. భారం పెరిగితే ఆ గుబ్బలు నలిగి నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుంది. ఘర్షణ ఆ నిజమైన వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, కంటికి కనిపించే వైశాల్యాన్ని బట్టి కాదు. అందుకే ఇటుకని పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా లెక్కలో తేడా రాదు.

జవాబు వచ్చాక దాన్ని పరీక్షించే అలవాటు చాలామందికి ఉండదు. కప్పీ మీంచి వేలాడే తాడుకి రెండు వైపులా 3 కిలోలు, 2 కిలోలు కట్టారనుకోండి. జార్జ్ అట్‌వుడ్ పద్దెనిమిదో శతాబ్దంలో గమన నియమాలని ప్రయోగంలో చూపించడానికి వాడిన ఏర్పాటు ఇదే. రెండు బరువుల తేడాని మొత్తం ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం 1.96 మీ/సె², దాన్నుంచి తన్యత 23.5 న్యూటన్లు వస్తాయి. తన్యత రెండు కిలోల బరువు 19.6 కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే అది పైకి ఎలా లేస్తుంది? మూడు కిలోల బరువు 29.4 కంటే తక్కువ ఉండాలి, లేకపోతే అది కిందికి ఎలా దిగుతుంది? 23.5 ఆ రెండిటి మధ్యే ఉంది. ఇప్పుడు రెండు వైపులా సమాన బరువులు పెడితే సూత్రం త్వరణం సున్నా ఇస్తోందా, ఒకవైపు ఖాళీ చేస్తే 9.8 ఇస్తోందా చూడండి. రెండూ సరిపోతే సూత్రంలో తప్పు దొర్లే అవకాశం బాగా తగ్గినట్టే.

సాధన అంటే వంద లెక్కలు చేయడం అనుకుంటాం. 1981లో చీ, ఫెల్టోవిచ్, గ్లేజర్ చేసిన అధ్యయనంలో భౌతికశాస్త్ర లెక్కలని గుంపులుగా విడదీయమంటే, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ‘ఇవి వాలుతలం లెక్కలు, ఇవి కప్పీ లెక్కలు’ అని వస్తువులని చూసి విడదీశారు. అనుభవజ్ఞులు వెనకున్న సూత్రాలని చూసి విడదీశారు. వంద వాలుతలాల మీద వంద దిమ్మెలని జార్చినా మొదటి అలవాటు మారదు. నా సలహా వేరు. ఒకే లెక్క తీసుకుని దాన్ని మార్చి మార్చి చేయండి. కోణం మార్చండి, బలం దిశ మార్చండి, దిమ్మె మీద ఇంకో దిమ్మె పెట్టండి.

ఆ చివరిది పెట్టి చూద్దాం. ఘర్షణ లేనంత నున్నటి నేల మీద 3 కిలోల దిమ్మె, దాని మీద 2 కిలోలది. రెండిటి మధ్య స్థైతిక ఘర్షణ గుణకం 0.4. కింది దిమ్మెని 15 న్యూటన్లతో లాగితే రెండూ కలిసి కదులుతాయా? తెలీదు. కాబట్టి కలిసి కదులుతాయని ముందు అనుకుందాం. త్వరణం 3 మీ/సె². పై దిమ్మెకి ఆ త్వరణం రావాలంటే 6 న్యూటన్లు కావాలి, అది ఇవ్వగలిగింది ఘర్షణ మాత్రమే. అదీ ముందుకే ఇవ్వాలి. ఘర్షణ ఎప్పుడూ కదలికకి ఎదురుగానే ఉంటుందన్న నమ్మకం ఇక్కడ వీగిపోతుంది. అది అడ్డుపడేది ఒక తలం ఇంకో తలం మీద జారడానికి. హద్దు 7.84 న్యూటన్లు కాబట్టి 6 దొరుకుతాయి, అనుకున్నది నిలబడింది. 25 న్యూటన్లతో లాగితే 10 న్యూటన్లు కావాలి, దొరకవు. పై దిమ్మె వెనకపడుతుంది. రెండిటినీ విడివిడిగా లెక్క కట్టాలి. కలిసి పోగలిగిన చివరి హద్దు 19.6 న్యూటన్లు.

ఇప్పుడు కింది దిమ్మెని వదిలేసి పై దిమ్మెని లాగండి. ఆ హద్దు దాదాపు 13.1 న్యూటన్లకి పడిపోతుంది. ఎందుకు పడిపోయిందో కనిపెట్టడానికి రెండు దిమ్మెలకీ రెండు పటాలు గీసి, ఈసారి ఘర్షణ ఎవరిని ముందుకి తీసుకెళ్తోందో చూడండి.