బొగ్గు స్మోకర్ ఎన్నేళ్లు నిలుస్తుంది? కొనేముందు వదులుకోవాల్సిన అపోహలు

నేను ఇళ్లలో వాడే బొగ్గు స్మోకర్లు, అంటే మాంసాన్ని పొగలో నెమ్మదిగా వండే పొయ్యిలు, తయారుచేస్తాను. తయారీ కంటే రిపేర్ పనే ఎక్కువ వస్తుంది. ఎవరైనా పాత స్మోకర్ తెస్తే ముందు దాన్ని పక్కకు పడుకోబెట్టి, అడుగు రేకు మీద చిన్న సుత్తితో తడతాను. ఖంగుమని మోగితే ఇంకా బతికే ఉంది. మోత లేకుండా చప్పగా పలికితే లోపల తుప్పు దిగిపోయినట్టే. మూత, చిమ్నీ, బయటి రంగు ఎంత బాగున్నా నా తీర్పు మారదు. కొనడానికి వెళ్లినవాళ్లు మాత్రం సరిగ్గా ఆ అడుగు భాగం తప్ప మిగతావన్నీ చూసి వస్తారు. కారణం, స్మోకర్ ఎలా పాడవుతుందన్న దాని మీదే చాలామందికి తప్పు అభిప్రాయం ఉంది.

అపోహ: నిప్పు వేడికే స్మోకర్ అరిగిపోతుంది.

వాస్తవం: స్మోకర్‌లో మాంసం ఉండే అర సాధారణంగా 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య నడుస్తుంది. ఉక్కుకు అది లెక్కలోకి రాని వేడి. బొగ్గు కుప్ప దగ్గర వేడి చాలా ఎక్కువే, కానీ అక్కడ కూడా రేకుకు నిప్పు నేరుగా తగలకుండా జాలీ కాస్త ఎత్తులో ఉంటే ఏళ్ల తరబడి ఏమీ కాదు. రేకును నిజంగా తినేది వంట అయిపోయాక లోపల వదిలేసిన బూడిద.

బూడిదలో పొటాషియం లవణాలు ఉంటాయి. అవి గాలిలోని చెమ్మను లాక్కుంటాయి. వాన చినుకు ఒక్కటి పడకపోయినా నాలుగు రోజుల్లో ఆ బూడిద తడి ముద్దలా మారి, అడుగు రేకుకు అంటుకుని కూర్చుంటుంది. దానికి మాంసం నుంచి కారిన ఉప్పు, జిడ్డు తోడవుతాయి. పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు అడుగున వేలు పట్టేంత చిల్లు కనిపిస్తుంది.

నా మొదటి స్మోకర్ ఇలాగే పోయింది. పాత డ్రమ్ముతో ఎంతో ఇష్టంగా చేసుకున్నాను. వానల్లో తడవకూడదని మందపాటి ప్లాస్టిక్ పట్టా కప్పి, లోపల బూడిద తీయకుండా 2 నెలలు వదిలేశాను. పట్టా తీసి ఎత్తబోతే అడుగు అంచు ఊడి చేతికొచ్చింది. గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి నేను చేసే ప్రతి స్మోకర్‌కూ ముందు బూడిద ఎక్కడ పడుతుంది, ఎలా బయటికి వస్తుంది అన్నదే గీస్తాను. మిగతా డిజైన్ దాని చుట్టూ వస్తుంది.

కాబట్టి షాపులో మీరు చూడాల్సిన మొదటి వస్తువు బూడిద ట్రే. విడిగా బయటికి లాగగలగాలి. బొగ్గు జాలీకి, అడుగు రేకుకు మధ్య కనీసం జానెడులో సగమైనా ఖాళీ ఉండాలి. లేకపోతే బూడిద పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది, నిప్పు రేకుకు దగ్గరవుతుంది. లోపల చేయి పెట్టి తడిమి చూడండి. చీపురు, గరిటె వెళ్లని మూల ఏదైనా తగిలితే, మొదటి చిల్లు అక్కడే పడుతుంది.

అపోహ: రేకు ఎంత మందమైతే అంత మంచిది.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే ఎక్కువమంది దీని దగ్గర పొరపడతారు. పక్కన విడిగా నిప్పు పెట్టె ఉండే ఆఫ్‌సెట్ స్మోకర్‌కు మందం నిజంగానే అవసరం. నిప్పు పెట్టె ప్లేటు 6 మిల్లీమీటర్లు ఉంటే వంగదు, తలుపు ఎప్పటికీ సరిగ్గా కూర్చుంటుంది. అదే నిప్పు పెట్టెను 1.5 మిల్లీమీటర్ల రేకుతో చేస్తే కొద్ది వంటలకే తలుపు మెలితిరిగి సందులు పడతాయి. ఆ సందుల్లోంచి గాలి దూరి నిప్పు చెప్పిన మాట వినదు.

కానీ మందపాటి ఉక్కు వేడిని లోపల దాచిపెడుతుందనుకోవడం తప్పు. ఉక్కు వేడిని సులువుగా బయటికి పంపేస్తుంది. మందం వల్ల జరిగే మేలు వేరు: బరువు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది, మూత తెరిచినా వేడి ఒక్కసారిగా పడిపోదు. ఆ బరువంతా వేడెక్కించడానికి ముందుగా బొగ్గు ఖర్చవుతుంది. వేడి బయటికి పోకూడదంటే కావాల్సింది సిరామిక్ గోడ, లేదా రెండు రేకుల మధ్య సిరామిక్ ఉన్నిలాంటిది నింపిన గోడ.

బరువు లెక్క కూడా వేసుకోండి. ఒక చదరపు మీటరు ఉక్కు 1 మిల్లీమీటరు మందంలో దాదాపు 8 కిలోలు తూగుతుంది. 6 మిల్లీమీటర్లయితే 47 కిలోలు. ఇంటి సైజు ఆఫ్‌సెట్ మొత్తం ఆ ప్లేటుతో చేస్తే వంద కిలోలు సులువుగా దాటుతుంది. వాడిన ప్రతిసారీ చావిడిలోకి తోసుకెళ్లాలంటే అది మీకు పనికిరాదు, అక్కడే ఎండకూ వానకూ నిలబడిపోతుంది.

పలుచని రేకు కూడా దీర్ఘకాలం నిలుస్తుందనడానికి నిలువు గొట్టం ఆకారంలో ఉండే ఎనామెల్ (గాజు పూత) స్మోకర్లే సాక్ష్యం. 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తాను పనిచేసే వెబర్ బ్రదర్స్ వర్క్‌షాప్‌లో తయారయ్యే బోయాలను, అంటే నీటి మీద తేలే లోహపు గోళాలను, సగానికి కోసి గుండ్రటి మూత గ్రిల్ చేశాడు. ఆ దారిలోనే వచ్చిన నిలువు స్మోకర్ల గోడలు పలుచనే. కానీ గుండ్రటి ఆకారం వల్ల రేకు వంకర పోదు, రెండు వైపులా ఎనామెల్ ఉండటం వల్ల తుప్పు పట్టదు. బల్లపరుపు గోడలున్న పెట్టె ఆకారం స్మోకర్‌కు అదే పలుచని రేకు వాడితే వేడికి డబ్బా మూతలా ఉబ్బుతుంది. మందాన్ని ఆకారంతో కలిపి చూడాలి.

ఇంకో మాట. అమ్మేవాళ్లు మందాన్ని గేజ్‌లో చెబితే జాగ్రత్త. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలుచనవుతుంది. 20 గేజ్ రేకు 16 గేజ్ కంటే పలుచన. మిల్లీమీటర్లలో చెప్పమని అడగండి.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే మేలిరకం స్టీల్.

వాస్తవం: ఈ పరీక్ష చేస్తూ మోసపోయినవాళ్లను చాలామందిని చూశాను. 304 రకం స్టెయిన్‌లెస్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం సాధారణంగా అంటుకోదు, కానీ వంచిన చోట, నొక్కిన చోట కాస్త పట్టుకోవచ్చు. 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. అయినా అది స్టెయిన్‌లెస్సే, మూతకు, బయటి గోడకు పనికొస్తుంది. 201 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. దానికీ అయస్కాంతం అంటుకోదు, కానీ తుప్పు విషయంలో 304కు సాటిరాదు. 304కూ 201కీ ఉన్న తేడాను అయస్కాంతంతో పట్టుకోలేం. రకం ఏదో రాతపూర్వకంగా అడగడమే దారి.

అసలు ఒళ్లంతా స్టెయిన్‌లెస్ అవసరం లేదని నా అభిప్రాయం. ఉన్న డబ్బును బొగ్గు జాలీ, బూడిద ట్రే, బోల్టులు, బందుల మీద పెట్టమంటాను. గోడ మామూలు ఉక్కు అయినా నూనె పూసి కాపాడుకోవచ్చు. బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతే మాత్రం దాన్ని కోసి తీయాల్సిందే. స్టెయిన్‌లెస్ మీద నిప్పు దగ్గర గోధుమ, నీలం రంగులు తేలితే టెన్షన్ పడకండి. అది వేడికి వచ్చిన రంగే, తుప్పు కాదు.

అపోహ: జింక్ పూత ఉంటే తుప్పు భయమే ఉండదు, స్మోకర్‌కు బాగా పనికొస్తుంది.

వాస్తవం: దీని గురించి గట్టిగానే చెబుతాను. జింక్ సుమారు 420 డిగ్రీలకు కరుగుతుంది. బొగ్గు నిప్పు అంతకంటే చాలా వేడి. పూత ఉన్న ఇనుమును వెల్డింగ్ చేసినప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే, కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయని మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అలాంటి లోహాన్ని నిప్పు పక్కన, తిండి కింద పెట్టకూడదు. జింక్ బకెట్‌ను, గొట్టాన్ని, జాలీని నిప్పు పెట్టెగా వాడకండి. పాత డ్రమ్ముతో చేసిన స్మోకర్ కొంటుంటే అందులో ఇంతకుముందు ఏం నిల్వచేశారో, లోపలి పూతను పూర్తిగా కాల్చి గీకారో లేదో తెలుసుకోండి. జవాబు తేలకపోతే వదిలేయండి.

అపోహ: సిరామిక్ స్మోకర్ జీవితాంతం ఉంటుంది.

వాస్తవం: జపనీస్ కమాడో పొయ్యి నుంచి వచ్చిన ఈ గుడ్డు ఆకారం స్మోకర్లకు తుప్పు అనే మాటే లేదు. బొగ్గు కూడా తక్కువ తాగుతాయి. కానీ కింద పడితే పగులుతాయి, వేడిగా ఉన్నప్పుడు నీళ్లు పోస్తే పగులుతాయి. ఇనుప పట్టీలు, బందులు, స్ప్రింగు, మూత చుట్టూ ఉండే సీలు మామూలుగానే అరుగుతాయి. గ్యారంటీ కాగితంలో సిరామిక్‌కు ఎన్నేళ్లు, ఇనుప భాగాలకు ఎన్నేళ్లు, లోపలి నిప్పు గిన్నెకు ఎన్నేళ్లు అని విడివిడిగా చూడండి. స్మోకర్‌ను తరచూ అటూ ఇటూ మోసే ఇంటికి నేను సిరామిక్ సిఫారసు చేయను.

అపోహ: మూతలోంచి పొగ కారితే అది నాసిరకం.

వాస్తవం: పైభాగంలో సన్నని కారుడు పెద్ద లోపం కాదు. కొన్ని వంటల తర్వాత జిడ్డు, మసి చేరి ఆ సందు దానంతటదే పూడుకుంటుంది. బొగ్గు మట్టం దగ్గరి కారుడు మాత్రం వదిలేయకూడదు. కింది గాలి మీ చేతిలో లేకపోతే వేడి మీ చేతిలో ఉండదు, వంట అయ్యాక నిప్పును ఆర్పలేరు. పరీక్ష సులువు. చీకటి గదిలో స్మోకర్ లోపల టార్చ్ వెలిగించి అన్ని తలుపులూ మూయండి, కింది భాగంలో వెలుగు ఎక్కడ గీతలా కనిపిస్తుందో చూడండి. తలుపు మూల పట్టుకుని నొక్కి చూడటం కూడా మంచిదే. చేతి బలానికే ఊగితే వేడికి ఇంకెంత ఊగుతుందో ఊహించుకోండి.

వాడేటప్పుడు పైన చిమ్నీని దాదాపు పూర్తిగా తెరిచి ఉంచి, కింది గాలితోనే వేడి సర్దుకోవాలి. పైది మూస్తే పొగ లోపల నిలిచి తిండి చేదెక్కుతుంది, గోడల మీద తారులా పేరుకుంటుంది.

అపోహ: గాలి చొరబడని మంచి స్మోకర్‌ను ఇంట్లోనో మూసిన బాల్కనీలోనో వాడుకోవచ్చు.

వాస్తవం: ఎప్పుడూ వద్దు. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు. ఎంత ఖరీదైన స్మోకర్ అయినా చిమ్నీలోంచి అది బయటికి రావాల్సిందే. ఆరుబయట మాత్రమే వాడండి. ఆరిపోతున్న బొగ్గును కూడా లోపలికి తేకండి.

అపోహ: లోపల నల్లగా పొరలు ఊడుతున్నాయంటే పెయింట్ పోతోంది.

వాస్తవం: చాలాసార్లు అది గట్టిపడిన మసి, జిడ్డు. ఊడే పొరను మాత్రం గీకేయండి, దాని కింద ఉన్న నునుపైన నల్లటి పూతను ఉంచేయండి. ఉక్కును తుప్పు నుంచి కాపాడేది అదే. కొత్త ఉక్కు స్మోకర్‌కు వంటనూనె పలుచగా పూసి, తిండి పెట్టకుండా 120 నుంచి 150 డిగ్రీల దగ్గర 2, 3 గంటలు నడిపితే ఆ పూత మొదలవుతుంది. బయట నిప్పు పెట్టె మీద రంగు పోవడం మామూలే, వైర్ బ్రష్‌తో రుద్ది వేడికి తట్టుకునే పెయింట్ వేయండి. లోపల మాత్రం పెయింట్ వేయకండి. ఎనామెల్ అయితే నూనె పూత అవసరం లేదు. అది సుమారు 800 డిగ్రీల దగ్గర ఉక్కు మీద కరిగించిన గాజు. దెబ్బ తగిలి పెచ్చు ఊడితే మాత్రం ఆ చోట తుప్పు మొదలవుతుంది. కాబట్టి కొనేటప్పుడు అంచులు, బోల్టు రంధ్రాల చుట్టూ పెచ్చులు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి.

అపోహ: కవర్ కప్పేస్తే ఇక ఏ భయమూ లేదు.

వాస్తవం: నా డ్రమ్ము కథ పైన చెప్పాను. ఆవిరి బయటికి పోలేని కవర్, కవర్ లేకపోవడం కంటే చెడ్డది. పూర్తిగా చల్లారాక, బూడిద తీశాక, లోపల నీళ్ల గిన్నె ఉంటే దాన్ని ఖాళీ చేశాక, గాలి ఆడే కవర్ కప్పండి. పైకప్పు కింద, నేలకు తగలకుండా ఇటుకల మీద నిలబెట్టగలిగితే ఇంకా మంచిది.

అన్నీ చూసుకున్నాక అమ్మేవాళ్లను ఒక ప్రశ్న అడగండి: బొగ్గు జాలీ, బూడిద ట్రే విడిగా దొరుకుతాయా? ఎంత జాగ్రత్తగా వాడినా ముందు పోయేవి అవే. దొరుకుతాయంటే పాతికేళ్ల తర్వాత కూడా దాన్ని నిలబెట్టుకోవచ్చు. దొరకవంటే, అక్కడే టేపు తీసి రెండింటి కొలతలు రాసుకోండి. ఆ కాగితం ఉంటే వెల్డింగ్ పని తెలిసిన ఎవరైనా మీకు కొత్తవి చేసిపెడతారు.