ఎముక అతికేదాకా జింక్ ఆగాలంటే

కాలు విరిగితే లోపల రాడ్ వేస్తారు, లేదా ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. ఎముక అతుక్కున్నాక వాటితో పనిలేదు. కానీ స్టీలు, టైటానియం వాటంతట అవి పోవు. నొప్పి పెడుతున్నా, ఎదిగే పిల్లల ఎముకలో ఉన్నా చాలాసార్లు తీయించాల్సి వస్తుంది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ మత్తు, మళ్లీ ఖర్చు. ఈ రెండో కోత తప్పించడానికే ఒంట్లో కరిగిపోయే లోహాల కోసం వెతుకుతున్నారు.

మెగ్నీషియం మరీ తొందరగా కరుగుతుంది, పైగా హైడ్రోజన్ వాయువును వదులుతుంది. ఇనుము ఏళ్లు గడిచినా చాలావరకు అలాగే ఉంటుంది. జింక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 2013లో అమెరికాలోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళంలో, జింక్ తీగలు పెట్టి చూశారు. అవి మొదటి నెలల్లో నిదానంగా, ఆ తర్వాత వేగంగా కరిగాయి. రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే స్టెంట్‌కు కావాల్సింది ఈ తీరే.

కరిగిన జింక్‌తో ప్రమాదం లేదా? విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు రోజుకు 20 మిల్లీగ్రాముల దాకా జింక్ ఇస్తూనే ఉన్నాం. గుండె స్టెంట్ మొత్తం బరువే కొన్ని పదుల మిల్లీగ్రాములు. ఎముక ప్లేటు అలా కాదు, గ్రాముల్లో తూగుతుంది. ఒకేచోట జింక్ అయాన్లు పేరుకుపోతే చుట్టూ ఉన్న కణాలు దెబ్బతింటాయి. దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక బలం సంగతి. పోతపోసిన శుద్ధ జింక్ బలం 20, 30 మెగాపాస్కల్స్ (లోహం బలాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరే ఆగిపోతుంది. ఇంప్లాంట్‌కు, అంటే ఒంట్లో అమర్చే ఇలాంటి ప్లేటుకో స్క్రూకో, కనీసం 300 ఉండాలని ఈ రంగంలో పెట్టుకున్న లక్ష్యం. జింక్ 419.5 డిగ్రీల సెల్సియస్ వేడికే ద్రవంగా మారిపోతుంది కాబట్టి, మన ఒంటి వేడి 37 డిగ్రీలు కూడా దానికి ఎక్కువే. కెల్విన్లలో (పరమశూన్య ఉష్ణోగ్రత నుంచి లెక్కించే కొలమానంలో) లెక్కేస్తే అది జింక్ ద్రవమయ్యే ఉష్ణోగ్రతలో దాదాపు 45 శాతం. ఆ వేడిలో లోపలి పరమాణువులు కుదురుగా ఉండవు. తక్కువ బరువైనా సరే, ఎడతెగకుండా పడుతుంటే లోహం మెల్లమెల్లగా సాగిపోతుంది. మామూలుగా లోహంలోని స్ఫటిక రేణువులను చిన్నవి చేస్తే బలం పెరుగుతుంది. జింక్‌లో ఒక హద్దు దాటితే వ్యవహారం తిరగబడుతుంది: రేణువులు ఇసుకలా ఒకదానిపై ఒకటి జారి, లోహం మెత్తబడుతుంది.

దీనికి ఒక దారి ఇతర లోహాలు కలపడం. 2020లో చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెంగ్ యుఫెంగ్ బృందం 0.8 శాతం లిథియం, 0.4 శాతం మెగ్నీషియం కలిపి 646 మెగాపాస్కల్స్ సాధించింది. అంత కొంచెం కలిపితే అంత బలం రావడం నాకు నిజంగా అబ్బురం. అయితే మోతాదు పెరిగితే లోహం పెళుసవుతుంది. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు రేణువుల పరిమాణంతో పాటు అవి ఏ దిశకు తిరిగి ఉండాలో కూడా నియంత్రించి బలం తెస్తున్నారు.

నా దృష్టిలో ఒక్కసారి లాగి కొలిచిన బలం సరిపోదు. 37 డిగ్రీల ద్రవంలో, రోజూ బరువు మోస్తూ, ఓపక్క కరుగుతూనే ఆరు నెలలకు ఆ స్క్రూలో ఎంత పట్టు మిగిలిందో కొలవాలి. ఎముకల డాక్టర్‌కు కావాల్సిన అంకె అది.