నిలబడ్డ కారుకూ ఖర్చుంటుంది

ప్రియమైన పిల్లలకు,

మొన్న సెలవుల్లో కారెక్కుతూ మీరు అడిగారు, "అమ్మమ్మా, దీనికి ఏడాదికి ఎంతవుతుంది?" అని. నేను నోరు తెరిచేలోపే మీలో ఒకరు "పెట్రోలే కదా, ఇంకేముంటుంది" అనేశారు. అప్పుడు హడావిడిలో ఊరుకున్నాను కానీ ఆ మాట నాకు గుర్తుండిపోయింది. పెద్దవాళ్లలో కూడా చాలామంది లెక్క అక్కడే ఆగిపోతుంది. ఇంకొన్నేళ్లకు మీరూ కారు కొనే వయసుకొస్తారు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు పెట్రోలు సంగతే చూద్దాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 800 లీటర్లు కావాలి. 12 మాత్రమే ఇస్తే 1,000 లీటర్లు. అంటే ఆ మూడు కిలోమీటర్ల తేడాకే ఏడాదికి 200 లీటర్లు. మన కారు నిజంగా ఎంతిస్తోందో తెలియాలంటే ట్యాంకు ఫుల్ చేయించి మీటరు రీడింగు రాసుకోండి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన దూరాన్ని దానితో భాగించండి. ఒక్కసారి కాదు, నాలుగైదు సార్లు చేస్తేనే నమ్మదగ్గ అంకె వస్తుంది. టైర్లలో గాలి తగ్గినా, కారు బాగా వేగంగా నడిపినా ఆ అంకె పడిపోతుంది. వేగం రెట్టింపైతే గాలి ఎదురునెట్టే బలం నాలుగింతలవుతుంది మరి.

ఇప్పుడు అసలు విషయం. అన్నిటికంటే పెద్ద ఖర్చుకి బిల్లు రాదు, దాని పేరు తరుగుదల. కొత్త కారు ధర 100 అనుకోండి. చాలా కార్లకు మొదటి ఏడాదిలోనే సుమారు 15 నుంచి 20 దాకా విలువ పోతుంది. అయిదేళ్లకు రమారమి సగం మిగులుతుంది. అంటే ఆ అయిదేళ్లూ సగటున ఏటా 10 చొప్పున కరిగిపోయిందన్నమాట. ఎవరూ వచ్చి అడగరు, మన జేబులోంచి తీసి ఇవ్వం, అందుకే ఖర్చులా అనిపించదు. అమ్మే రోజున మాత్రం మొత్తం ఒక్కసారే కనబడుతుంది. కారును పదేళ్లు ఉంచుకునేవాళ్లకు ఏటా పడే తరుగు తగ్గుతుంది. రెండు మూడేళ్లు వాడిన కారు కొనేవాళ్లకు ఆ మొదటి పెద్ద దెబ్బ తప్పుతుంది. కాకపోతే రిపేర్లు ముందే మొదలవుతాయి, అది కూడా లెక్కలో వేసుకోవాలి.

అప్పు చేసి కొంటే వడ్డీ ఉంటుంది. మొదటి నెలల వాయిదాల్లో వడ్డీ పాలు తర్వాతి నెలలకంటే ఎక్కువ, అసలు మెల్లగా తగ్గుతుంది. సొంత డబ్బు పెట్టి కొన్నా, ఆ డబ్బు దాచుకుని ఉంటే వచ్చే వడ్డీ వదులుకున్నట్టే. ఇన్సూరెన్సు, పన్ను, పార్కింగు సంగతి మీకు తెలిసిందే.

ఇవన్నీ కారు కదిలినా కదలకపోయినా అయ్యేవి. 12,000 కిలోమీటర్లు సగటున గంటకు 30 వేగంతో తిరిగితే అది 400 గంటల ప్రయాణం. ఏడాదికి 8,760 గంటలు. మిగతా 8,360 గంటలూ కారు ఊరికే నిలబడే ఉంటుంది, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ మెల్లగా దిగుతుంది, టైరు రబ్బరు గట్టిపడుతుంది. ఇంజనాయిలు కిలోమీటర్లు తిరక్కపోయినా ఏడాదికోసారి మార్చమంటారు. ఊరికే చెప్పడం కాదు, దగ్గర దగ్గర తిరుగుళ్లలో ఇంజను సరిగా వేడెక్కక ఆయిల్లో తేమ చేరుతుంది.

రిపేర్ల గురించి నా అనుభవం చెప్తాను. ఒకసారి బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమని శబ్దం వచ్చేది. చాలా బ్రేకు ప్యాడ్లకి చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగిపోయాక అది డిస్కుకి, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లానికి, రాసుకుని మార్చమని హెచ్చరిస్తుంది. నాకు తెలియక రెండు నెలలు వాయిదా వేశాను. చక్రం విప్పి చూస్తే డిస్కు మీద వేలికి తగిలేంత గాడులు పడ్డాయి. ప్యాడ్లతో పోయేది డిస్కులు కూడా మార్చాల్సి వచ్చింది. డబ్బు సంగతి అలా ఉంచండి, అన్ని రోజులు ఆ బ్రేకులతోనే మిమ్మల్ని ఎక్కించుకుని తిరిగాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

టైర్లూ అంతే. గాడుల్లోకి వంగి చూస్తే అడుగున చిన్న చిన్న గట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పనైపోయినట్టే. నాలుగు టైర్లు ఒకేసారి మార్చిన నెలలో "ఈ నెల ఖర్చు పెరిగింది" అనుకుంటాం, కానీ అది నాలుగైదేళ్ల నుంచి రోజూ కొంచెం కొంచెంగా అవుతున్న ఖర్చే. బ్యాటరీకి మూడు నుంచి అయిదేళ్లు. వీటికి నెలనెలా కొంత పక్కన పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

కరెంటు కారైతే ఇంజనాయిలు మార్చే పని లేదు, బ్రేకులు తక్కువ అరుగుతాయి. తరుగుదల, ఇన్సూరెన్సు, టైర్లు మాత్రం దానికీ తప్పవు.

చివరికి కిలోమీటరుకి ఎంత పడిందో చూడాలి. నిలబడి ఉన్నా అయ్యే ఖర్చుని 12,000తో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అదే కారు 3,000 కిలోమీటర్లే తిరిగితే అది నాలుగింతలవుతుంది. అంత తక్కువ తిరిగేవాళ్లకి అవసరమైనప్పుడు అద్దె కారు తీసుకోవడమే మేలని నేననుకుంటాను. కొనేశాక లెక్క వేరు. ఇన్సూరెన్సు ఎలాగూ కట్టేశాం కాబట్టి, ఇంకో 100 కిలోమీటర్లు వెళ్తే కొత్తగా పడేది పెట్రోలు, అరుగుదల మాత్రమే. కొనాలా వద్దా అన్నప్పుడు మొదటి లెక్క, ఈ రోజు కారు తియ్యాలా వద్దా అన్నప్పుడు రెండో లెక్క చూడండి.

నా లెక్కల పుస్తకం డాష్‌బోర్డు అరలో ఉంది. గడిచిన ఏడాది పేజీలన్నీ అలాగే ఉంచాను. వచ్చినప్పుడు మీరే కూడి, పెట్రోలు పాలెంతో నాకు చెప్పండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ