తిరుపతిలో ఓటు ఎక్కడ తప్పిపోతోంది?

ఎన్నికలు దగ్గరపడితే తిరుపతిలో ఓటు వేయమని చెప్పేవాళ్ళకు కొదవ ఉండదు. సర్కిళ్ళలో ఫ్లెక్సీలు వెలుస్తాయి, కాలేజీ పిల్లలు ర్యాలీ తీస్తారు, చెత్తబండి మైకులో కూడా అదే మాట. అయినా 2024 మే 13న రాష్ట్రం మొత్తం మీద 81.86 శాతం పోలింగ్ జరిగితే, తిరుపతి అసెంబ్లీ నియోజకవర్గం 63 శాతం దగ్గరే ఆగిపోయింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోదే అయిన కుప్పంలో మాత్రం దాదాపు 90. ఇది చూసి టౌను జనానికి బద్ధకమని తేల్చేస్తారు. ఓటరు జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అందులో సగమే నిజం. మిగతా సగం ఆ జాబితాలోనే ఉంది.

కొర్లగుంట వైపు ఒక మేడ ఇంటికి వెళ్ళాం. ఆ డోర్ నంబర్ మీద పద్నాలుగు ఓట్లున్నాయి. ఇంట్లో ఉండేది నలుగురు. తలుపు తీసిన పెద్దావిడ కళ్ళజోడు తెచ్చుకుని, మెట్ల మీద కూర్చుని, ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివింది. ఎనిమిది మంది ఎప్పుడో అద్దెకుండి వెళ్ళిపోయినవాళ్ళు. ఇద్దరు ఎవరో ఆమెకే తెలియదు. ఒక పేరు దగ్గర వేలు ఆగిపోయింది. అది వాళ్ళ మామగారిది, ఆయన పోయి ఆరేళ్ళు. "ఈయన ఓటు ఇప్పుడు ఎవురేస్తా ఉండారు నాయనా?" అని అడిగింది. ఆ ఇంటి కోడలి పేరు మాత్రం జాబితాలో లేదు. ఆమె ఓటు ఇంకా పీలేరులో పుట్టింటి దగ్గరే ఉంది.

పోలింగ్ శాతం లెక్కగట్టేది జాబితాలోని పేర్ల మీద. వెళ్ళిపోయినవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా ఆ లెక్కలో 'ఓటు వేయనివాళ్ళ' కిందికే వస్తారు. శాతం తగ్గడం ఒక నష్టమైతే, ఆ ఖాళీ పేర్లు ఇంకొకరి చేతికి చిక్కడం అంతకన్నా పెద్ద నష్టం. దాని రుచి తిరుపతి 2021లో చూసింది.

ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు మరణంతో ఆ ఏడాది ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. కరోనా రెండో విడత విజృంభిస్తున్న రోజులు. 2019లో 79 శాతం దాకా వెళ్ళిన పోలింగ్ 64కి పడిపోయింది. బయటి ఊళ్ళ నుంచి బస్సుల్లో మనుషుల్ని దించి దొంగ ఓట్లు వేయించారని ప్రతిపక్షాలు ఆరోపించాయి, అధికార పక్షం కాదంది. తర్వాత, ఓటరు నమోదు అధికారి లాగిన్ వాడి 30 వేలకు పైగా ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న ఆరోపణ బయటికొచ్చింది. 2024 జనవరిలో అప్పటి అధికారిని సస్పెండ్ చేశారు. ఎవరు ఎన్ని ఓట్లు వేశారన్న సంగతి అటుంచితే, అంత సులువుగా వాడుకోవడానికి వీలుగా మన జాబితా ఉండటమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మన పేరు మీద అప్పటికే ఎవరో ఓటు వేసేసి ఉంటే వెనక్కి రావాల్సిన పనిలేదు. మనం మనమేనని రుజువు చేసుకుంటే మిషన్ బదులు ఒక బ్యాలెట్ కాగితం ఇస్తారు, దాన్ని టెండర్ ఓటు అంటారు. కవర్లో విడిగా పెడతారు, కోర్టు చెబితే తప్ప లెక్కించరు. క్యూలో ఒకరు దొంగ ఓటరని అనుమానమొస్తే, బూత్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేయవచ్చు. రెండూ చేయి కాలాక ఆకులు పట్టుకోవడమే.

తిరుపతి రూరల్‌లో కొన్ని చోట్ల రోడ్డు దాటితే చంద్రగిరి నియోజకవర్గం. అక్కడ 2019లో జరిగింది ఇంకా బరువైనది. ఏప్రిల్ 11 పోలింగ్‌లో కొన్ని పల్లెల్లో దళితుల్ని ఓటు వేయనివ్వలేదని, ఇది ఏళ్ళ తరబడి సాగుతున్నదేనని ఫిర్యాదులు వెళ్ళాయి. ఎన్నికల సంఘం మొదట ఎన్.ఆర్.కమ్మపల్లి, కమ్మపల్లి, పులివర్తివారిపల్లె, కొత్తకండ్రిగ, వెంకటరామాపురంలోని ఐదు బూత్‌లకు, తర్వాత మరో రెండింటికి రీపోలింగ్ ప్రకటించింది. మే 19న, బందోబస్తు మధ్య ఏడు చోట్లా మళ్ళీ పోలింగ్ జరిగింది. వాళ్ళకు ఓటు మీద ఆసక్తి లేదని ఎవరనగలరు? ఇలాంటి ఊరికి వెళ్ళి 'ఓటు విలువ' గురించి ఉపన్యాసం ఇవ్వడం కన్నా అన్యాయం ఉండదు.

ఇక టౌను సంగతి. తిరుపతి 1886లో మునిసిపాలిటీ అయ్యింది, 2007లో కార్పొరేషన్. కార్పొరేషన్‌గా మొదటి ఎన్నిక మాత్రం 2021 మార్చి 10న జరిగింది. అంటే 2007లో పద్దెనిమిదేళ్ళు నిండిన కుర్రాడు కార్పొరేటర్‌కు ఓటు వేసే అవకాశం రావడానికి 32 ఏళ్ళవాడు కావాల్సి వచ్చింది. అప్పుడూ 50 డివిజన్లలో 22 ఏకగ్రీవమయ్యాయి కాబట్టి, అక్కడివాళ్ళకు ఆ అవకాశమూ దక్కలేదు. అదే ఎన్నికల్లో పుంగనూరులో అన్ని వార్డులూ ఏకగ్రీవమే. వార్డు ఎన్నికే లేని చోట వీధివారీగా జాబితా చదివేవాళ్ళు ఎవరుంటారు? కాలువ పొంగినా, లైటు వెలగకపోయినా అధికారి చుట్టూ తిరగడం అలవాటైంది. వీధిలో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే అలవాటు మాత్రం పోయింది.

దీనికి తోడు తిరుపతి అద్దె ఇళ్ళ ఊరు. యూనివర్సిటీలు, ఆస్పత్రులు, కొండ మీద ఉద్యోగాలు. నెల్లూరు, కడప నుంచి వచ్చి ఇరవై ఏళ్ళున్నా సొంతూరి ఓటు వదలరు. అక్కడ పొలం ఉంది, పంచాయతీ గొడవలున్నాయి, పేరు తీసేస్తారేమోనని టెన్షన్. కొందరికి రెండు చోట్లా ఉంటుంది. చట్టం ఒప్పుకోదు. తప్పుడు వివరాలిచ్చి నమోదు చేయించుకుంటే ఏడాది దాకా జైలు కూడా ఉంది. ఆ మాట చెబితే చాలామంది నిజంగానే ఆశ్చర్యపోయారు.

అందుకే మా వీధివాళ్ళం పోలింగ్‌కు ముందు వారం కన్నా ముసాయిదా జాబితా వచ్చే రోజుల మీదే ఎక్కువ దృష్టి పెడుతున్నాం. కొత్త ఓటుకు ఫారం-6. ఇల్లు మారినా, నియోజకవర్గం మారినా 2022 ఆగస్టు నుంచి ఫారం-8 ఒక్కటే. జనవరి 1 దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీలకు పద్దెనిమిది నిండినా చాలు. పేరు తీయించే ఫారం-7 దగ్గర మాత్రం మేం చాలా జాగ్రత్త. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో లక్షల్లో ఫారం-7లు పడ్డాయి, బతికున్నవాళ్ళ ఓట్లు కూడా తీసేయమని. అందుకని ఇంటివాళ్ళు దగ్గరుండి చెబితే తప్ప ఒక్క పేరూ రాయం. బీఎల్ఓని, అంటే ఆ బూత్ ఓటరు జాబితా చూసే అధికారిని, వెంట తీసుకెళ్ళి, గుమ్మం ముందే ఫారం నింపిస్తాం, రసీదు తీసుకుంటాం.

ఆ మేడ ఇంటికీ అలాగే వెళ్ళాం. మామగారి డెత్ సర్టిఫికెట్ బీరువాలోంచి తీయడానికి ఆమెకు అరగంట పట్టింది. దాన్ని ఒకసారి చేత్తో తడిమి బీఎల్ఓకు ఇచ్చింది. తుది జాబితాలో ఆ డోర్ నంబర్ మీద ఆరు పేర్లు వచ్చాయి. కోడలి పేరు చేరింది. ఆమెకే తెలియని ఆ ఇద్దరి పేర్లు మాత్రం ఇంకా ఉన్నాయి. వాళ్ళకు నోటీసు వెళ్ళిందని చెప్పారు. మళ్ళీ ముసాయిదా వేసినప్పుడు ముందు ఆ ఇంటి మెట్లే ఎక్కుతాం.