లేజర్ టెక్నీషియన్ కోర్సు: చేరే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

ఇంటర్, డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, అమీర్‌పేటలో బోర్డు చూశాను, లేజర్ కోర్సు చేస్తే వెంటనే ఉద్యోగమట, నిజమేనా?" అని పిల్లలు అడుగుతారు. "ఆ లైట్ల వల్ల మా అమ్మాయికి రేపు ఏమీ కాదు కదమ్మా?" అని తల్లులు అడుగుతారు. బంజారాహిల్స్‌లోని ఒక స్కిన్ క్లినిక్‌లో అవాంఛిత రోమాలు తీసే లేజర్ గది చూసుకోవడం, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం నా ఉద్యోగం. బటన్ నొక్కడం ఎవరైనా ఒక పూటలో నేర్చేసుకుంటారు. ఈ చర్మం మీద ఈ రోజు నొక్కకూడదు అని కనిపెట్టడానికే మిగతా శిక్షణంతా.

అపోహ: మెషీన్‌లో అన్నీ ప్రీసెట్ చేసి ఉంటాయి. స్కిన్ టైప్ ఎంచుకుంటే చాలు.

ప్రీసెట్ అంటే మొదలుపెట్టడానికి ఇచ్చిన ఒక అంకె, అంతే. చుట్టూ ఉన్న కణజాలానికి దెబ్బ తగలకుండా రంగున్న భాగాన్ని మాత్రమే వేడెక్కించవచ్చని 1983లో అండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు వివరించారు. ఈ రోజు మేం చేసే పనంతా ఆ సూత్రం మీదే నడుస్తోంది. రోమంలోని మెలనిన్ లేజర్ కాంతిని పీల్చుకుంటుంది, ఆ వేడికి రోమం కుదురు దెబ్బతింటుంది. చిక్కేమిటంటే మెలనిన్ పైచర్మంలోనూ ఉంటుంది. ఫిట్జ్‌ప్యాట్రిక్ స్కేలు చర్మాన్ని 1 (బాగా తెలుపు) నుంచి 6 (బాగా నలుపు) దాకా విభజిస్తుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా 4, 5. అంటే రోమానికి తగలాల్సిన వేడిలో కొంత పైచర్మమే తీసేసుకుంటుంది.

అందుకే మన ఛాయకు తరంగదైర్ఘ్యం చాలా ముఖ్యం. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లటి చర్మం మీద బాగా పనిచేస్తుంది, మన ఒళ్ల మీద కాలే ప్రమాదం ఎక్కువ. 810 చుట్టూ ఉండే డయోడ్ మధ్యస్థం. 1064 ఎన్‌డీ యాగ్‌ను మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది, పైగా అది లోతుకు వెళ్తుంది. అందుకే బాగా నల్లని చర్మానికి అదే మేలు. వీటికి తోడు పల్స్ ఎంతసేపు ఉండాలి, స్పాట్ సైజు (కాంతి పడే చోటు వెడల్పు) ఎంత, చదరపు సెంటీమీటరుకు ఎన్ని జౌల్స్ శక్తి అనే లెక్కలుంటాయి. స్పాట్ పెద్దదైతే కాంతి ఇంకాస్త లోతుకు దిగుతుంది. అది తెలియక చిన్న స్పాట్‌కు వాడిన జౌల్స్‌నే పెద్దదానికీ పెట్టేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఒకే మనిషిలో కూడా చర్మం ఒకేలా ఉండదు. మాదాపూర్‌లో రోజూ బండి మీద ఆఫీసుకు వెళ్లే అమ్మాయి చేయి చూడండి. చొక్కా చేయి కప్పిన చోట టైప్ 4, మోచేతి కింద ఎండకు కమిలి 5లా ఉంటుంది. రెండు చోట్లా ఒకే సెట్టింగ్ పెడితే కింది భాగం కాలుతుంది. ఎండాకాలం పెళ్లిళ్లకు తిరిగొచ్చినవాళ్లు, గోవా నుంచి నిన్నే దిగినవాళ్లు "స్లాట్ బుక్ చేసుకున్నాం కదా" అంటారు. స్లాట్ ఉన్నా వాయిదా వేయాల్సిందే. చేతికి గోరింటాకు ఉంటే ఆ రంగు పోయేదాకా దాని జోలికి వెళ్లం. కాటుక, నుదుట నల్లబొట్టు, ముఖానికి రాసుకున్న పసుపు శుభ్రంగా తుడిచాకే హ్యాండ్‌పీస్ (చర్మం మీద ఆనించే లేజర్ పిడి) పట్టుకోవాలి. పుట్టుమచ్చ మీద షాట్ వేయకూడదు. గీతలు గీసుకోవడానికి తెల్ల పెన్సిలే వాడతాం, నల్ల పెన్నుతో గీస్తే ఆ గీతే వేడెక్కి కాలుతుంది.

షాట్ వేశాక తెరవైపు కాదు, చర్మంవైపు చూడాలి. కొన్ని నిమిషాల్లో ప్రతి రోమం చుట్టూ చలికి ఒళ్లు జలదరించినట్టు చిన్న చిన్న ఉబ్బులు, కాస్త ఎరుపు కనిపిస్తే సరైన మోతాదు పడినట్టు. చర్మం బూడిద రంగుకో తెల్లగానో మారితే అక్కడితో ఆపి, చల్లబరిచి, డాక్టర్‌ను పిలవాలి. కొత్తవాళ్లు ఈ తేడా పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఇంకో మాట. షేవింగ్ సరిగ్గా చేయకపోతే పైన మిగిలిన రోమం కాలి హ్యాండ్‌పీస్ అద్దానికి అంటుకుంటుంది. తుడవకుండా తర్వాతి షాట్ వేస్తే అక్కడ అద్దం ఆకారంలోనే మచ్చ పడుతుంది. షాట్‌కూ షాట్‌కూ మధ్య ఖాళీ వదిలేస్తే మూడు వారాలకు కాళ్ల మీద జీబ్రా చారల్లా వరసలుగా రోమాలు మిగులుతాయి. క్లయింట్ వచ్చి ప్యాంటు పైకి లాగి చూపించినప్పుడు ఆ గీతలు ఎవరివో గదిలో అందరికీ తెలుసు.

అపోహ: లేజర్ రేడియేషన్ కాబట్టి పనిచేసేవాళ్లకు క్యాన్సర్ వస్తుంది, పిల్లలు పుట్టరు.

అమ్మల టెన్షన్ అంతా ఇక్కడే. ఇది ఎక్స్‌రే లాంటిది కాదు. రోమాలకు వాడేవి దాదాపు కంటికి కనిపించని పరారుణ కాంతి, అది డీఎన్‌ఏను విడగొట్టే రకం కాదు. నిజంగా భయపడాల్సింది కళ్ల గురించి. ఈ మెషీన్లు చాలావరకు క్లాస్ 4, అంటే అత్యంత ప్రమాదకరమైన తరగతి లేజర్లు. 755 నుంచి 1064 దాకా ఉన్న కాంతి కంటిపాపలోంచి నేరుగా రెటీనా మీద కేంద్రీకృతమవుతుంది. 1064 కంటికి కనిపించదు కాబట్టి రెప్ప వేసే అవకాశం కూడా ఉండదు. ప్రతి గాగుల్ మీద అది ఏ తరంగదైర్ఘ్యాన్ని ఆపుతుందో, ఎంత ఆపుతుందో అంకెలుంటాయి. వాటిని చదివి తీసుకోవాలి. డయోడ్ గాగుల్ పెట్టుకుని వేరే లేజర్ గదిలోకి వెళ్లడం అజాగ్రత్త కాదు, మూర్ఖత్వం. గదిలో అద్దాలు ఉండకూడదు, గాజులు, వాచీలు తీయించాలి, తలుపు మీద బోర్డు పెట్టాలి, స్పిరిట్ రాసిన చర్మం పూర్తిగా ఆరాలి. కనుబొమల కింద, కంటి రెప్పల దగ్గర రోమాలు తీయమని బతిమాలేవాళ్లుంటారు. కుదరదు. ఆ చోట లేజర్ వాడి కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

రోమాలు కాలిన పొగ కూడా రోజంతా పీల్చేది కాదు. పొగ లాగే యంత్రం, మాస్కు అడిగి పెట్టించుకోండి.

అపోహ: నొప్పి అంటే క్రీమ్ పూసేస్తే సరి.

మత్తు క్రీమ్ మందు. అది డాక్టర్ చెప్పినంత చోటే, చెప్పినంతే. 2007లో అమెరికాలోని ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. లేజర్‌కు వెళ్లే ముందు ఇద్దరు యువతులు కాళ్లంతా మత్తు క్రీమ్ పూసుకుని, పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లి చనిపోయారు. మన దగ్గర "ఫుల్ లెగ్స్‌కు రెండు ట్యూబులు తెచ్చాను" అనేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను. పైగా పూర్తిగా మొద్దుబారిన చర్మం కాలుతున్నా క్లయింట్‌కు తెలియదు. మంట ఎక్కువైందని వాళ్లు చెప్పడం మనకు అవసరం.

అపోహ: లేజర్ చేయిస్తే జన్మలో రోమం రాదు.

దీర్ఘకాలం తగ్గుతాయి, పూర్తిగా పోతాయని చెప్పకూడదు. రోమం ఎదిగే దశలో ఉన్నప్పుడే కుదురుకు వేడి బాగా తగులుతుంది. అన్ని రోమాలూ ఒకేసారి ఆ దశలో ఉండవు కాబట్టి కొన్ని వారాల తేడాతో ఆరేడు సిట్టింగ్‌లు, తర్వాత అప్పుడప్పుడు మెయింటెనెన్స్. మధ్యలో వ్యాక్సింగ్, త్రెడింగ్ వద్దంటాం, ఎందుకంటే కుదురు ఊడొస్తే లేజర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. షేవింగ్ పర్లేదు. తెల్లబడిన రోమాలకు ఇది పనిచేయదు, ఎంత జౌల్స్ పెట్టినా.

పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్న అమ్మాయిల గడ్డం రోమాల దగ్గర మాట మరీ జాగ్రత్తగా ఉండాలి. హార్మోన్లు కొత్త రోమాలు తెప్పిస్తూనే ఉంటాయి. సన్నటి నూగు ఉన్న బుగ్గల మీద, మెడ మీద లేజర్ వల్లే రోమాలు పెరిగే ప్రమాదం కూడా ఉంది, మన ఛాయలో ఇది కాస్త ఎక్కువే. పెళ్లి నెల రోజుల్లో ఉందని వచ్చినవాళ్లకు ఈ సంగతి చెప్పి, డాక్టర్ దగ్గరికి పంపి, ప్యాకేజీ అమ్మకుండా వదిలేసినందుకు ఫ్రంట్ డెస్క్‌తో మాటలు పడాల్సి రావచ్చు.

అపోహ: కోర్సు అయిపోతే నేనూ 'కాస్మెటాలజిస్ట్'నే.

మీరు టెక్నీషియన్. రోగం ఏమిటో తేల్చడం, మందు రాయడం, ఇంజెక్షన్ ఇవ్వాలని నిర్ణయించడం డాక్టర్ పని. ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టం 2019, సెక్షన్ 34 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, రూ. 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ నకిలీ వైద్యుల మీద తనిఖీలు చేస్తూనే ఉంది. చట్టం మాట అలా ఉంచినా, మెడికల్ షాపులో ఇచ్చిన స్టిరాయిడ్ క్రీమ్ ఏళ్ల తరబడి రాసుకుని ముఖం మీద చర్మం పలచబడ్డవాళ్లు రోజూ వస్తారు. వాళ్లను గుర్తుపట్టి "ముందు డాక్టర్‌గారిని కలవండి" అనడం వరకే మన వంతు.

అపోహ: ఇది అమ్మాయిల ఉద్యోగం.

అబ్బాయిలూ చేస్తున్నారు, గడ్డం లైన్, వీపు చేయించుకునే మగవాళ్లు పెరిగారు. అయితే పాతబస్తీ నుంచి వచ్చే చాలామంది ఆడవాళ్లు మహిళా టెక్నీషియన్ ఉంటేనే గదిలోకి వస్తారు. ఇక్కడ పనిచేయాలంటే తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ నాలుగు ముక్కలు రావాలి, లేకపోతే "జలన్ హోరీ" (మంటగా ఉంది) అన్నా అర్థం కాదు.

అపోహ: వారం రోజుల సర్టిఫికెట్‌తో లక్షల జీతం.

జీతం మీ చేతి మీద నమ్మకాన్ని బట్టి పెరుగుతుంది, మొదట్లో మామూలే. శని, ఆదివారాలు సెలవుండదు, పెళ్లిళ్ల సీజన్‌లో మణికట్టు, భుజం నొప్పులు ఖాయం. నర్సింగ్ చేసినవాళ్లు త్వరగా కుదురుకుంటారు, బ్యూటీషియన్లకు క్లయింట్‌తో మాట్లాడే నేర్పు ఉంటుంది, మామూలు డిగ్రీ వాళ్లు కూడా నేర్చుకోగలరు.

ఫీజు కట్టే ముందు అకాడమీ వాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి. శిక్షణ ఇచ్చే మెషీన్ ఏ లేజర్, ఎన్ని రకాలు? నేర్పే సమయంలో గదిలో చర్మవైద్యులు ఉంటారా? మేం స్వయంగా ఎంతమంది మీద, ఎన్ని స్కిన్ టైప్‌ల మీద చేస్తాం? ప్యాచ్ టెస్ట్ (ముందుగా చిన్న చోట వేసి చూసే పరీక్ష), కన్సెంట్ ఫారం, ఫొటో రికార్డు నింపడం నేర్పిస్తారా? సర్టిఫికెట్ మీద ప్రభుత్వ ముద్ర అని చెబితే ఏ సంస్థ ఇస్తోందో పేరు అడగండి. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పేరు చెబితే, ఆ కోర్సు వాళ్ల జాబితాలో నిజంగా ఉందో లేదో ఇంటికి వెళ్లి సరిచూసుకోండి. "ముందు అడ్వాన్స్ కట్టండి, తర్వాత చూపిస్తాం" అంటే ఇంకో చోటికి వెళ్లండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ బోర్డులకు కొదవేం లేదు.